పాలు మాన్పించకండి, సీసా మాన్పించండి

ప్రశ్న: మా బాబుకి రెండేళ్లు. పైన ముందు పళ్లు గోధుమరంగుకి తిరుగుతున్నాయి. అంగన్‌వాడీలో ఇచ్చే పాలు, బాలామృతం పిండి వల్లేనంటున్నారు మా అత్తగారు. మానేయాలా?
– ఒక తల్లి, బొబ్బిలి

జవాబు: మానేయకండమ్మా. ఆ పాలు, గుడ్డు పళ్లకి కావలసినవే. మీ ఇంట్లో చోడి (రాగి) అంబలి ఉంటే అదీ పెట్టండి, కాల్షియం దండిగా ఉంటుంది.

నాకు అనుమానం రాత్రి సీసా మీద. పంచదార పాలు తాగుతూ నిద్రపోతాడా? నిద్రలో లాలాజలం తగ్గి, తీపి పై పళ్ల మీదే నిలిచిపోతుంది. కింది పళ్లకి నాలుక అడ్డం కాబట్టి అవి బాగానే ఉండొచ్చు. పెదవి ఎత్తి చూడండి.

బాలామృతంలో చక్కెర ఉన్నమాట నిజమే. అందుకే రోజంతా కొంచెం కొంచెం నాకించకుండా, ఒకేసారి కలిపి పెట్టి నీళ్లు తాగించండి. పైన మళ్లీ బెల్లమెందుకు?

పడుకునే ముందు బియ్యపుగింజంత ఫ్లోరైడ్ పేస్టుతో మీరే తోమండి. ఊడిపోయే పళ్లేగా అంటారు అందరూ! దవడ పాలపళ్లు పదీ పన్నెండేళ్ల దాకా నమలాలి. గుంటలు పడకముందే పళ్ల డాక్టరుకి చూపించండి. ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం) డాక్టర్లు అంగన్‌వాడీకి వచ్చినప్పుడు పిప్పిపళ్లూ చూస్తారు, ఆయమ్మని అడిగి ఆ రోజు బాబుని తీసుకెళ్లండి.