పోర్టల్‌లో పేరు పెట్టే ముందు

ప్లేనో, టెక్సస్
2025 డిసెంబరు

చి.ల.సౌ. సుధకు,

మామయ్య ఆశీస్సులు. మీ అబ్బాయి కార్తీక్ కాలేజీ మారాలనుకుంటున్నాడని ఫోన్‌లో చెప్పినప్పుడు నేను వెంటనే ఏమీ అనలేదు. ఇలాంటివి ఫోన్‌లో చెబితే సగం గుర్తుంటాయి, సగం పోతాయి. అందుకే వివరంగా రాస్తున్నాను. అల్లుడికి కూడా చూపించు. కార్తీక్‌కి తెలుగు చదవడం రాదు కాబట్టి నువ్వే కూర్చోబెట్టి చెప్పు.

ముందుగా ఒకటి. కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మాట ఎత్తినందుకు వాడిని కోప్పడొద్దు. "నిలకడ లేదు" అని అల్లుడు అన్నాడన్నావు, అది న్యాయం కాదు. నేను యూనివర్సిటీలో ఆటగాళ్ల చదువు చూసే అడ్వైజర్‌గా ఉన్న రోజుల్లో పాత రూల్స్ పిల్లల్ని ఎలా కట్టిపడేశాయో దగ్గరగా చూశాను. అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే కుర్రాడు కాలేజీ మారితే ఏడాదంతా ఆడకుండా కూర్చోవాల్సిందే. వేరే కాలేజీ కోచ్‌తో మాట్లాడాలన్నా ఉన్న కాలేజీ అనుమతి కావాలి. అదే కోచ్ అయితే, ఎక్కువ జీతం ఇస్తామని ఎవరైనా పిలవగానే డిసెంబరులో సామాను సర్దుకుని వెళ్లిపోయేవాడు. ఆయన్ని నమ్ముకుని వచ్చిన పిల్లలు అక్కడే మిగిలిపోయేవారు. వాళ్లలో కొందరు నా గదికి వచ్చి ఏడ్చారు కూడా. కాబట్టి ఇవాళ పిల్లలకు దక్కిన ఈ స్వేచ్ఛ మంచిదనే నేను గట్టిగా నమ్ముతాను.

ఆ స్వేచ్ఛ కూడా ఒక్కరోజులో రాలేదు. 2018 అక్టోబరులో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ ఈ పోర్టల్ పెట్టింది. అప్పటినుంచి అనుమతి అడగాల్సిన పని పోయింది. కాలేజీలో రూల్స్ చూసే కంప్లయన్స్ ఆఫీసుకు చెబితే రెండు పనిదినాల్లో పేరు ఎక్కించాలి. 2021లో ఒకసారి మారితే ఏడాది కూర్చోనక్కర్లేదన్నారు. రెండోసారి మారినవాళ్లను ఆపబోతే 2023 డిసెంబరులో వెస్ట్ వర్జీనియా ఫెడరల్ కోర్టు అడ్డుకుంది. 2024 ఏప్రిల్‌కల్లా చదువు సరిగ్గా సాగుతుంటే ఎన్నిసార్లైనా మారొచ్చు, వెంటనే ఆడొచ్చు అనే దాకా వచ్చింది. ఈలోగా 2021 జులై నుంచి పిల్లలు తమ పేరు మీద సంపాదించుకునే వీలు కలిగింది. ఈ ఏడాది జులై నుంచైతే కాలేజీలే నేరుగా డబ్బు పంచుతున్నాయి. అన్ని ఆటలకూ కలిపి ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా.

ఇప్పుడు నువ్వు తెలుసుకోవాల్సింది తేదీ. ఇదివరకు శీతాకాలంలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి గడువు ఉండేది. ఏప్రిల్ గడువు తీసేశారు. ఈసారి జనవరి 2 నుంచి 16 వరకు ఒక్కటే. ఆ పదిహేను రోజులు పేరు పెట్టడానికే. కొత్త కాలేజీని ఆ తర్వాతైనా ఖాయం చేసుకోవచ్చు. కానీ స్ప్రింగ్ సెమిస్టర్ జనవరి మధ్యలోనే మొదలవుతుంది కనుక అడ్మిషన్ తేదీలు ఊపిరాడనివ్వవు. హెడ్ కోచ్ మారితే మాత్రం, కొత్తాయన వచ్చిన అయిదు రోజుల తర్వాత ఆ జట్టు పిల్లలకు విడిగా మరో పదిహేను రోజులు ఇస్తారు. "కోచ్ మారతాడేమో" అన్న భయంతో ఇప్పుడే తొందరపడక్కర్లేదు.

నీకు ఎంసెట్ కౌన్సెలింగ్ గుర్తుండే ఉంటుంది. రెండో విడతలో ఆప్షన్లు పెట్టినా కొత్త సీటు వస్తేనే పాతది పోయేది, రాకపోతే ఉన్నది ఉండేది. ఇక్కడ అలా కాదు. పోర్టల్‌లో పేరు ఎక్కగానే ఈ సెమిస్టర్ తర్వాత వాడి స్కాలర్‌షిప్ తీసేసే హక్కు, రోస్టర్‌లో, అంటే జట్టు జాబితాలో, వాడి చోటు ఇంకొకరికి ఇచ్చేసే హక్కు కాలేజీకి వస్తాయి. పేరు వెనక్కి తీసుకోవచ్చు, అయితే మళ్లీ చేర్చుకోవాలో వద్దో కోచ్ ఇష్టం. పేరు పెట్టకముందు వేరే కాలేజీ కోచ్‌లు వాడితో మాట్లాడకూడదు కాబట్టి ముందే హామీ తెచ్చుకునే దారీ లేదు. "ఫలానా కోచ్‌కి నువ్వంటే ఇష్టం, నేను మాట్లాడతా" అంటూ ఎవరైనా మధ్యవర్తి వస్తే ఆ మాట మీద ఆధారపడొద్దు.

కార్తీక్ ఏమనుకుంటున్నాడో నాకు తెలుసు. కాలేజీ ఫుట్‌బాల్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీని 2022 నుంచి ఈ ఏడాది దాకా గెలిచిన నలుగురూ, కేలబ్ విలియమ్స్, జేడెన్ డేనియల్స్, ట్రావిస్ హంటర్, ఇప్పుడు ఫెర్నాండో మెండోజా, కాలేజీ మారినవాళ్లే. వాళ్లను చూసి ఏ కుర్రాడికైనా ఆశ పుడుతుంది. కానీ మనవాడు కిక్కర్, అంటే బంతిని కాలితో తన్ని పాయింట్లు తెచ్చేవాడు. ఒక్కో జట్టుకు ఫీల్డ్ గోల్ కొట్టేవాడు ఒక్కడే, వాడి వెనక ఒకరో ఇద్దరో. పైగా కాలేజీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు పంచేందుకు దారి తీసిన కోర్టు రాజీని, అదే హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని, ఒప్పుకున్న కాలేజీల్లో ఫుట్‌బాల్ రోస్టర్ 105 మందికి మించకూడదు. ఇదివరకు స్కాలర్‌షిప్‌లు 85 అయినా, సొంత డబ్బుతో జట్టులో ఉండే వాకాన్ పిల్లలు చాలామంది ఉండేవారు. ఇప్పుడు మొదట కోత పడుతున్నది అలాంటి చోట్లకే. రిజర్వ్ కిక్కర్ చోటు కూడా వాటిలోదే.

అందుకని వాడిని ఒక పని చెయ్యమను. వాడు అనుకుంటున్న కాలేజీల రోస్టర్లు వెబ్‌సైట్లలోనే ఉంటాయి. ఏ కాలేజీలో కిక్కర్ ఆఖరి ఏడాది ఆడేశాడో, వాడి వెనక ఎవరున్నారో, వచ్చే ఏడాదికి హైస్కూల్ నుంచి ఎవరిని తీసుకున్నారో ఒక కాగితం మీద రాయమను. అదే లెక్క వాడి సొంత జట్టుకూ వెయ్యమను. ఇప్పుడున్న సీనియర్ కిక్కర్‌కి ఇదే ఆఖరి సీజన్ అని నువ్వే చెప్పావు. రెండేళ్లు వెనక నిలబడి, ముందున్నవాడు వెళ్లిపోతున్న నెలలోనే మనవాడు బయటికి వెళ్లడం నాకైతే మింగుడు పడటం లేదు. కాకపోతే ఆ కోచ్ కూడా అదే పోర్టల్‌లోంచి అనుభవం ఉన్న మరో కిక్కర్‌ని తెచ్చుకోవచ్చు. ఆ సంగతి కిక్కర్లను చూసే స్పెషల్ టీమ్స్ కోచ్‌ని వాడే వెళ్లి సూటిగా అడగాలి: "జనవరిలో బయటినుంచి కిక్కర్‌ని తెస్తున్నారా? వసంతకాలం ప్రాక్టీసులో నాకు సమానంగా పోటీ పడే అవకాశం ఉంటుందా?" నువ్వుగానీ అల్లుడుగానీ ఫోన్ చెయ్యొద్దు. ఆయన నీళ్లు నమిలితే అదే జవాబు అనుకోవచ్చు.

ఇక చదువు. నేను ఎక్కువ మంది పిల్లలు దెబ్బతినడం చూసింది ఇక్కడే, కాబట్టి కొంచెం ఓపికగా చదువు. ఎన్‌సీఏఏ రూలు ప్రకారం మూడో ఏడు మొదలయ్యేసరికి డిగ్రీలో 40 శాతం, నాలుగో ఏటికి 60, అయిదో ఏటికి 80 శాతం పూర్తయి ఉండాలి. లేకపోతే ఆడనివ్వరు. ఆ శాతం లెక్క కట్టేది కొత్త కాలేజీలో తీసుకున్న డిగ్రీని బట్టి. కార్తీక్ చదివేది మెకానికల్ ఇంజినీరింగ్. 128 క్రెడిట్ల డిగ్రీ అనుకుంటే వచ్చే ఆగస్టుకు 52 క్రెడిట్లు ఆ డిగ్రీకే పనికొచ్చేవి చేతిలో ఉండాలి. కొత్త కాలేజీ వాడి క్రెడిట్లన్నీ తీసుకున్నా, కొన్నిటిని "ఎలెక్టివ్" కింద వెయ్యొచ్చు. ట్రాన్స్‌క్రిప్ట్‌లో అవి కనిపిస్తాయి, డిగ్రీకి మాత్రం లెక్కలోకి రావు. స్టాటిక్స్, థర్మోడైనమిక్స్ లాంటివి ఇలా చిక్కుల్లో పడటం చాలాసార్లు చూశాను. అప్పుడు ఏమవుతుందంటే, కుర్రాడు ఆడాలి కాబట్టి శాతం కుదిరే ఏదో జనరల్ డిగ్రీలోకి మార్చేస్తారు. ఇంజినీర్ అవుతాడనుకున్నవాడు వేరే చదువుతో బయటికొస్తాడు. ఆ సమయంలో ఎవరూ బలవంతం చేయరు, సంతకం వాడే పెడతాడు. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది అదే.

టెక్సస్‌లో ప్రభుత్వ కాలేజీల మధ్య మొదటి రెండేళ్ల కోర్సులకు ఉమ్మడి నంబర్లు ఉన్నాయి కాబట్టి రాష్ట్రం లోపల మారితే కొంత నయం. రాష్ట్రం దాటితే ప్రతి కోర్సునూ విడిగా చూడాలి. చాలా యూనివర్సిటీలు ట్రాన్స్‌ఫర్ క్రెడిట్ల పట్టికలు అందరికీ కనిపించేలా పెడతాయి. పేరు పెట్టకముందే చూసుకోగలిగింది ఇదొక్కటే, కాబట్టి ఇది తప్పకుండా చూడాలి.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. జట్టు ఆటను నడిపించే క్వార్టర్‌బ్యాక్‌లకు వచ్చే డబ్బు కిక్కర్లకు రాదు, దాని కోసమే అయితే మారొద్దు. "స్కాలర్‌షిప్ ఇస్తాం" అంటే పెద్ద కాలేజీల ఫుట్‌బాల్‌లో ఇదివరకు పూర్తి స్కాలర్‌షిప్పే. ఈ ఏడాది నుంచి పావు ఇచ్చినా, పుస్తకాల ఖర్చు మాత్రమే ఇచ్చినా అదే పేరుతో పిలవొచ్చు. ట్యూషన్, హాస్టల్, భోజనం ఎంతెంత, ఎన్నేళ్లు అన్నది కాగితం మీద ఉండాలి. జేడెన్ రషాడా అనే క్వార్టర్‌బ్యాక్, తనకు కోటీ 38 లక్షల 50 వేల డాలర్ల ఒప్పందం ఆశ చూపి ఇవ్వలేదంటూ 2024లో ఫ్లోరిడా కోచ్ మీద దావా వేశాడు. అంత పేరున్న కుర్రాడే కోర్టుకెక్కాల్సి వచ్చింది. ఏజెంటు ఎవరైనా వస్తే శాతం ఎంతో అడగండి. ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ కాంట్రాక్టులకు ఆటగాళ్ల సంఘం పెట్టిన పరిమితి 3 శాతం. కాలేజీ పిల్లల విషయంలో దేశమంతటికీ అలాంటి పరిమితి లేదు. ఒప్పందం మధ్యలో వదిలేస్తే డబ్బు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో లాయర్‌తో చదివించండి. వచ్చే డబ్బుకు పన్ను ఉంటుంది, అవసరాన్ని బట్టి ఇచ్చే ఫైనాన్షియల్ ఎయిడ్ కూడా దానివల్ల తగ్గొచ్చు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి దాచకుండా చెబుతాను. కోచ్ జవాబు సూటిగా, అనుకూలంగా ఉంటే ఈ వసంతం అక్కడే పోటీ పడనీ. ఏప్రిల్ గడువు లేదు కనుక ఓడిపోతే మరో సీజన్ ఆగాల్సి వస్తుంది, నిజమే. మొదటి ఏడాది రెడ్‌షర్ట్ అయ్యాడు, అంటే ఆ ఏడాది ఆట లెక్కలోకి రాలేదు కాబట్టి ఆట ఇంకా మూడేళ్లు మిగిలి ఉంది, ఆ నష్టం భరించగలడు. బయటినుంచి కిక్కర్‌ని తెస్తున్నామని కోచ్ చెప్పి, క్రెడిట్లు నిలిచే కాలేజీలు కనీసం మూడు నాలుగు కనిపిస్తే, అప్పుడు జనవరి 2నే పేరు పెట్టమను. ఆలస్యం చేస్తే కిక్కర్ల చోట్లు నిండిపోతాయి. అలా వెళ్తే నువ్వూ అల్లుడూ పూర్తిగా వాడి వెనక నిలబడండి.

క్రిస్మస్ సెలవులకు వాడు ఇంటికి వచ్చాక వాడి డిగ్రీ ఆడిట్, ట్రాన్స్‌క్రిప్ట్, రోస్టర్ల కాగితం మూడూ నాకు పంపించండి. కోర్సులు ఒక్కొక్కటిగా నేను సరిచూస్తాను. డిసెంబరు 28లోపు అందితే, 30న వాడితో ఫోన్‌లో మాట్లాడతాను. కోచ్‌తో మాట మాత్రం దానికంటే ముందే అయిపోవాలి.

మీ అత్తయ్య అందర్నీ అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మామయ్య