ఫ్రాన్స్ పల్లెల్లో ట్రాఫిక్ లేకుండా సైకిల్ తొక్కాలంటే ఏ రోడ్లు ఎంచుకోవాలి?

మీరు అడిగింది: ఉద్యోగానికి దక్షిణ ఫ్రాన్స్‌లోని తులూజ్ వచ్చారు, రోడ్ బైక్ కొన్నారు, ఊరు దాటగానే కార్లూ లారీలూ పక్కనుంచి రయ్యిన పోతుంటే భయమేస్తోంది, ప్రశాంతంగా ఉండే రోడ్లేమైనా ఉన్నాయా లేక కాలువ గట్టు మీద సైకిల్ దారే దిక్కా అని. రోడ్ బైక్ సరిపోతుందా అని కూడా అడిగారు.

ఇక్కడ ఎవరినడిగినా కెనాల్ దు మిదీ కాలువ గట్టే అంటారు. మొదటి నెల బాగానే ఉంటుంది, నీడ ఉంటుంది, ఎత్తూ పల్లం ఉండవు. కానీ ఆదివారం నాడు అక్కడ కుక్కల్ని తిప్పేవాళ్ళు, పిల్లల సైకిళ్ళు, పరిగెత్తేవాళ్ళతో బెల్లు కొట్టి కొట్టి వేలు నొప్పెడుతుంది. నన్నడిగితే సైకిల్ దారి కోసం వెతకడమే మానేయండి. కార్లు రాని మామూలు తారు రోడ్లు ఇక్కడ కొల్లలు, వాటిని మ్యాప్‌లో గుర్తుపట్టడం వస్తే చాలు.

నేను కొన్నేళ్ళుగా తొక్కుతున్నది ఎక్కువగా తులూజ్‌కి పడమట ఉన్న జెర్స్ జిల్లాలో. విస్తీర్ణం 6,257 చదరపు కిలోమీటర్లు, అంటే పాత గుంటూరు జిల్లాలో సగం కంటే కాస్త ఎక్కువ. 2011 జనాభా లెక్కల్లో గుంటూరు జిల్లాలో 48 లక్షల మంది పైనే, ఇక్కడ 2 లక్షల మంది కూడా లేరు. 19వ శతాబ్దం మధ్యలో 3 లక్షలు దాటి ఉండేవాళ్ళట. తర్వాత కుర్రకారంతా పట్నాల దారి పట్టారు, సేద్యంలోకి యంత్రాలొచ్చాయి, జనం పోయారు కానీ రోడ్లు ఎక్కడికి పోతాయి? పైగా ఇక్కడ రైతుల ఇళ్ళు మన ఊళ్ళలో లాగా ఒకచోట గుంపుగా ఉండవు, చాలామందికి పొలం మధ్యలోనే ఇల్లు, దాని గుమ్మం దాకా తారు రోడ్డు. ఈ చిన్న రోడ్లని చూసుకునేది కమ్యూన్, మన పంచాయతీ లాంటిది. ఫ్రాన్స్‌లో అలాంటివి 35 వేల దాకా ఉన్నాయి, ఒక్క జెర్స్‌లోనే 460 దాకా. దేశంలోని 10 లక్షల కిలోమీటర్ల పైచిలుకు రోడ్లలో సగానికి మించి వీళ్ళ చేతిలోవే. నలుగురైదుగురు రైతులు, ఒక పోస్టు వ్యాను తప్ప ఎవరూ వాడని రోడ్డుకి కూడా తారు వేసి ఉంచుతారు, మనకి కావలసింది సరిగ్గా అవే.

ఇక గుర్తుపట్టడం. బోర్డు మీద రోడ్డు నంబరు ఎర్ర చట్రంలో ఉండి ఎన్ అని మొదలైతే అది జాతీయ రహదారి, దాని జోలికి పోవద్దు. ఉదాహరణకి జెర్స్ ముఖ్యపట్నం ఓష్ మీదుగా పోయే ఎన్21, తులూజ్ నుంచి ఓష్ వెళ్ళే ఎన్124, రెండూ సైకిల్‌కి నరకం. పసుపు రంగులో డి అని ఉంటే జిల్లా రోడ్డు, తెలుపులో సి అని ఉంటే కమ్యూన్ రోడ్డు. కొత్తవాళ్ళు పొరబడేది డి దగ్గరే. 1972లో ఒకసారి, 2006లో ఇంకోసారి ప్రభుత్వం చాలా జాతీయ రహదారుల్ని జిల్లాలకి అప్పజెప్పింది. పాత ఎన్20 ఇప్పుడు డి820, పాత ఎన్113 ఇప్పుడు డి813. పేరు మారింది గానీ లారీలు మారలేదు. అందుకే నంబరు కంటే మిషెలాఁ (టైర్ల మిషెలిన్ కంపెనీయే) కాగితం మ్యాప్ నయం. అందులో పెద్ద రోడ్లు ఎరుపు, మధ్యరకం పసుపు, మిగతావన్నీ తెలుపు. తెల్లవాటిని కలుపుకుంటూ పొండి, తప్పనిసరైతే కాసేపు పసుపు ఎక్కండి. మ్యాప్‌లో రోడ్డు మీద చిన్న బాణం గుర్తులు కనిపిస్తే అవి ఎత్తుకి గుర్తు, ఒక బాణమంటే 5 నుంచి 9 శాతం, అంటే వంద మీటర్లకి 5 నుంచి 9 మీటర్లు ఎక్కాలి, రెండంటే 9 నుంచి 13, మూడుంటే దిగి నడవడానికి సిద్ధపడి వెళ్ళండి. రోడ్డు మీదికి వెళ్ళాక నాకున్న కొండగుర్తు ఇంకా సులువు: మధ్యలో తెల్ల గీత ఉందా లేదా చూస్తాను. గీత కూడా వెయ్యలేదంటే అటు పెద్దగా ఎవరూ రారన్నమాట.

ఫోన్ యాప్‌ని గుడ్డిగా నమ్మొద్దు. దగ్గరి దారని చెప్పి పొలాల మధ్య మట్టిబాటలోకి తోలేస్తుంది. ఇక్కడి మట్టి వాన పడితే మన నల్లరేగడి లాగే టైరుకి, బ్రేకుకి మధ్య పేరుకుపోయి చక్రం తిరగనివ్వదు, పుల్లతో గీక్కుంటూ కూర్చోవాలి.

కార్ల భయం గురించి. చట్టం ప్రకారం ఊరి బయట సైకిల్‌ని దాటేటప్పుడు కారు మీటరున్నర దూరం ఉంచాలి, ఊళ్ళో అయితే మీటరు. అందుకోసం మధ్యలో ఉన్న నిండు గీత దాటినా 2015 నుంచి తప్పు కాదు. పల్లెల్లో ఎక్కువమంది ఇది పాటిస్తారు, చోటు లేకపోతే వెనకే మెల్లగా వస్తారు, హారన్ కొట్టరు. హారన్ లేకపోవడం మొదట్లో మనకే టెన్షన్, వెనక కారు ఉందో లేదో తెలియదు! చెవిలో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని తొక్కడం ఇక్కడ నిషేధం, ఎటూ పెట్టుకోవద్దు. మిట్ట ఎక్కేటప్పుడు కుడి పక్కనే ఉండండి, అవతలి నుంచి వచ్చేవాడికి మీరు కనపడరు. ఊళ్ళల్లో కుడివైపు సందులోంచి వచ్చే బండికి చాలాచోట్ల మీరే ఆగి దారివ్వాలి, ఇది మాత్రం బాగా గుర్తుపెట్టుకోండి.

రోడ్డు ఎంత ముఖ్యమో వేళ కూడా అంతే. మధ్యాహ్నం 12 నుంచి 2 దాకా దేశమంతా భోజనాల బల్ల దగ్గరే ఉంటుంది. పసుపు రోడ్లు దాటాల్సి ఉంటే ఆ రెండు గంటల్లో దాటేయండి, ఎక్కడో ఒక కారు తప్ప కనపడదు. సాయంత్రం అయిదు దాటాక తులూజ్ నుంచి ఇళ్ళకి పోయేవాళ్ళు మొదలవుతారు, అప్పటికి చిన్న రోడ్డులో ఉండేట్టు చూసుకోండి.

జెర్స్‌లో ఇంకో సంగతి ఉంది. దక్షిణాన లాన్‌మెజాఁ పీఠభూమి నుంచి నదులు విసనకర్ర ఊచల్లా ఉత్తరానికి విచ్చుకుంటాయి. నది వెంట తొక్కితే హాయి, కానీ తూర్పు నుంచి పడమరకి పోతే ప్రతి నదీ దిగి ఎక్కాల్సిందే, మ్యాప్‌లో చూడ్డానికి అరచేయంత దూరం, కాళ్ళు మాత్రం పీకుతాయి. అందుకని మొదటిసారికి ఇలా వెళ్ళండి: తులూజ్ నుంచి ఓష్ వెళ్ళే టీఈఆర్ (ప్రాంతీయ) రైలెక్కి జిమోఁలో దిగండి. జిమోన్ నది వెంట సారమోఁ మీదుగా సిమోర్‌ దాకా పాతిక కిలోమీటర్ల పైచిలుకు. సిమోర్‌లో కోట లాంటి ఎర్ర ఇటుకల చర్చి ఉంది, 19వ శతాబ్దంలో వియోలే-ల్-దూక్ అనే వాస్తుశిల్పి బాగు చేయించినది, దాని పక్కన నీడలో కూర్చోవచ్చు. అక్కడి నుంచి తూర్పుకి గట్లు ఎక్కి దిగి లోంబెజ్ చేరితే కష్టమంతా అయిపోయినట్టే. ఆపైన సావ్ నది లోయలో పెద్ద రోడ్డు వదిలేసి పక్క రోడ్లు పట్టుకుని లీల్-జుర్దాఁ స్టేషన్‌కి వచ్చి రైలెక్కేయడమే. మొత్తం 70 కిలోమీటర్ల పైన అవుతుంది. సోమవారం పొద్దున మాత్రం లోంబెజ్ పక్కనున్న సమతాఁ వైపు పోవద్దు, అక్కడ బాతుల సంత, జిల్లాలోని వ్యాన్లన్నీ అక్కడే. రైల్లో సైకిల్‌కి చోటు తక్కువ, వేసవిలో రిజర్వేషన్ కావాలేమో ముందే చూసుకోండి.

నీళ్ళ సంగతి చెప్తే నవ్వుతారు. చిన్న ఊళ్ళల్లో కొట్టు ఉండదు, హోటల్ ఉండదు, కానీ శ్మశానం ఉంటుంది. ఊరి చివర సైప్రస్ చెట్లు కనిపిస్తే అదే. ఇనప గేటు తోసుకుని లోపలికి వెళ్తే గోడ పక్కన కుళాయి, దానికి తగిలించి పూలకి నీళ్ళు పోసే ఆకుపచ్చ ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయి. తాగకూడదని బోర్డు లేకపోతే సీసా నింపుకోవచ్చు, ఇక్కడి సైకిలిస్టులంతా చేసేది అదే. మా అమ్మకి చెప్తే ఇంటికొచ్చి స్నానం చేశావా అని అడిగింది.

తిండి విషయంలో శాకాహారులైతే మరీ జాగ్రత్త. ఇది బాతు మాంసం సీమ, బంగాళాదుంపలు కూడా బాతు కొవ్వులోనే వేపుతారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం బేకరీలు కూడా చాలా మటుకు మూసేస్తారు. నేను పులిహోర కట్టుకుపోతాను, వేసవిలో కూడా సాయంత్రం దాకా పాడవదు.

గోధుమ కోతలప్పుడు, అంటే జూన్ చివర నుంచి, రోడ్డంత వెడల్పున్న కోత యంత్రం ఎదురొస్తుంది. మీరే గడ్డిలోకి దిగి నిలబడండి, డ్రైవరు చెయ్యెత్తి పోతాడు. దానికంటే ప్రమాదం గ్రావియోఁ అని రాసిన బోర్డు. వేసవిలో తారు చల్లి దాని మీద కంకర పోసి వదిలేస్తారు, కార్ల చక్రాలే దాన్ని తొక్కి అణచాలి. కార్లు రాని రోడ్డు కదా, వారాలు గడిచినా ఆ కంకర అలాగే ఉంటుంది, మలుపుల్లో బయటి అంచున ఇంకా మందంగా. దిగుడులో ఆ బోర్డు కనిపిస్తే మలుపుకి ముందే బ్రేకు వేయండి, మలుపులో మాత్రం వేయొద్దు.

రోడ్ బైక్ సరిపోతుంది, కానీ 25 మిల్లీమీటర్ల వెడల్పు టైర్లు ఉంటే తీసేసి ఫ్రేములో పట్టినంత వరకు 28 గానీ 32 గానీ వేయించండి. వెనక పళ్ళచక్రం 32 పళ్ళది, వీలైతే 34 ఉండాలి, లేకపోతే లోంబెజ్ ముందున్న గట్ల మీద నన్ను తిట్టుకుంటారు. రెండు ట్యూబులు, పంపు దగ్గర పెట్టుకోండి, పల్లెల్లో రిపేర్ షాపు దొరకదు.