బండి చెడింది, వారంటీ లేదంటున్నారు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం వాహనాల వారంటీ గురించే. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: విశాఖపట్నంలో బైకు కొన్నాను. పద్నాలుగు నెలలైంది, 11 వేల కిలోమీటర్లు తిరిగింది. మొన్న దారిలో ఇంజిన్ పట్టేసింది. ఒక ఫ్రీ సర్వీసు నెల ఆలస్యంగా చేయించానని వారంటీ వర్తించదంటున్నారు, 23 వేలు కట్టమంటున్నారు. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు ‘చిన్న మొత్తాల కోర్టులో వెయ్యి మావయ్యా’ అంటున్నాడు. మనకు అలాంటిది ఉందా? ఉంటే విశాఖలోనే వెయ్యాలా? – చీపురుపల్లి పాఠకుడు

జవాబు: ఆ పేరుతో మనకు కోర్టు లేదు. ఆ పని చేసేది జిల్లా వినియోగదారుల కమిషన్. జనం నోట ఇప్పటికీ ‘కన్స్యూమర్ ఫోరం’ అనే ఉంది. 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం 2020 జులై 20న అమల్లోకి వచ్చాక, ఫిర్యాదుదారు ఎక్కడ కాపురముంటే అక్కడే కేసు వెయ్యొచ్చు. బండి విశాఖలో కొన్నా, కంపెనీ ఆఫీసు ఏ రాష్ట్రంలో ఉన్నా మీరు విజయనగరం కమిషన్‌లోనే వెయ్యండి. వాయిదాలకు వాళ్లే ఇక్కడికి వస్తారు.

అయితే కేసుకంటే ముందు ఇంజిన్ సంగతి చూడాలి. బండి ఇంకా సర్వీసు సెంటర్లోనే ఉంటే, మీరు లేకుండా ఇంజిన్ విప్పొద్దని ఈ రోజే వాట్సాప్‌లోనూ ఈమెయిల్లోనూ రాసి పంపండి. విప్పేటప్పుడు దగ్గరుండండి, మీకు నమ్మకమైన మెకానిక్‌ను వెంట తీసుకెళ్లండి. ఫోనులో వీడియో తీయండి. అందులో మొదట కిలోమీటర్ల రీడింగు, తర్వాత ఇంజిన్ నంబరు కనిపించాలి. పాత ఆయిలును కొలత గీతలున్న జాడీలోకి దింపించండి. ఎంత వచ్చింది, ఎంత పట్టాలని ఓనర్స్ మాన్యువల్లో ఉంది, రెండూ రాసుకోండి. కేసు నిలిచేది, పోయేది చాలాసార్లు ఈ కొలత దగ్గరే.

ఆయిలు సగానికి పడిపోయి, తారులా నల్లగా చిక్కబడి, పిస్టన్ చుట్టూ గీతలు పడి ఉంటే సర్వీసు ఆలస్యమైందన్న వాళ్ల మాటకు బలముంటుంది. ఆ విషయం ముందే తెలుసుకోవడం మీకే మంచిది. ఆయిలు పట్టాల్సినంత ఉండి, ఇంజిన్ పై భాగమైన హెడ్డులో వాల్వులను తెరిచి మూసే క్యామ్‌షాఫ్టు మాత్రం ఎండిపోయి కాలిన రంగులోకి మారి ఉంటే లెక్క వేరు. ఆయిలు ఉంది గానీ పైకి ఎక్కలేదని దాని అర్థం. ఆయిల్ పంపు పని చేయకపోయి ఉండాలి, లేదా ఆయిలు వెళ్లే దారి మూసుకుపోయి ఉండాలి. పంపు పాడైతే దానికీ సర్వీసు నెల ఆలస్యం కావడానికీ సంబంధమేమిటో వాళ్లే చెప్పాలి. మీ వాదన అంతా ఈ ప్రశ్న మీదే నిలబెట్టండి. పైగా ఆలస్యంగా వెళ్లిన ఆ సర్వీసును వాళ్లే ఏ అభ్యంతరమూ రాయకుండా చేసి పంపి ఉంటే, ఆ జాబ్ కార్డు (బండికి చేసిన పని రాసిచ్చే సర్వీసు కాగితం) మీ చేతిలో గట్టి ఆధారం. విప్పిన భాగాలు మీ ఎదుటే సంచిలో కట్టించి, సంతకాలు చేయించి భద్రపరచమని రాసివ్వండి. ‘స్క్రాపులో వేసేశాం’ అనే జవాబు తర్వాత చాలామందికి ఎదురవుతుంది.

‘కంపెనీ రిజెక్ట్ చేసింది’ అని కౌంటర్లో నోటితో చెబుతారు. నోటి మాట తీసుకుని ఇంటికి రావద్దు. ఏ కారణంతో, వారంటీ పుస్తకంలోని ఏ షరతు ప్రకారం తిరస్కరించారో కాగితం మీద అడగండి. ఇవ్వకపోతే మీరే రాయండి: ‘ఫలానా తేదీన, ఫలానా జాబ్ కార్డు నంబరు మీద నా బండికి వారంటీ వర్తించదని మీ సర్వీసు మేనేజరు నోటితో చెప్పారు. కారణం రాతపూర్వకంగా అడిగినా ఇవ్వలేదు. 15 రోజుల్లోగా ఉచితంగా బాగుచేసి ఇవ్వాలి, లేదా కారణం రాసి పంపాలి. లేకుంటే వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.’ ఈ నాలుగు వాక్యాలు చాలు, నోటీసుకు లాయరు అక్కర్లేదు. డీలరుకు ఒకటి, బిల్లు మీదో మాన్యువల్లోనో ఉండే కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామాకు ఒకటి స్పీడ్ పోస్టులో పంపండి. రసీదుతో పాటు, డెలివరీ అయినట్టు ఆన్‌లైన్లో చూపించే పేజీ ప్రింటు తీసి పెట్టుకోండి.

బండి తప్పనిసరిగా కావాల్సి వచ్చి 23 వేలు కట్టేయాల్సి వస్తే, బిల్లు మీద ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని రాసి సంతకం చేయండి. అలాగే బండి ఇచ్చేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో ‘పని సంతృప్తికరం’ అని అచ్చు వేసి ఉంటుంది. చదవకుండా పెట్టొద్దు. సమస్య పోకపోతే ఆ వరుస కొట్టేసి ‘శబ్దం అలాగే ఉంది’ అని రాసి ఫొటో తీసుకున్నాకే సంతకం.

ప్రశ్న: నా ఎలక్ట్రిక్ స్కూటరు బ్యాటరీకి మూడేళ్ల వారంటీ ఉంది. రెండో ఏడులోనే ఒక చార్జింగుకు వచ్చే దూరం సగానికి సగం పడిపోయింది. బ్యాటరీలోకి నీళ్లు వెళ్లాయి, అది మీ తప్పే అంటున్నారు. వానలో నడపడం తప్పా అండీ? – ఆమదాలవలస పాఠకురాలు

జవాబు: కాదమ్మా. మీ స్కూటరు కరపత్రంలోనో మాన్యువల్లోనో బ్యాటరీకి ‘ఐపీ 67’ అని రాసి ఉందేమో ముందు చూడండి. ఆ గుర్తు ఉందంటే దుమ్ము చొరబడదనీ, మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీరు పోదనీ కంపెనీ చెప్పినట్టు. ఆ మాట చెప్పి అమ్మినవాళ్లు రోడ్డు మీద వాననీటిని కారణంగా చూపితే, సీలు సరిగా లేదని వాళ్లే ఒప్పుకున్నట్టవుతుంది. ఆ పేజీని ఫిర్యాదుకు జత చేయండి. బయట ఎవరిచేతా బ్యాటరీ పెట్టె విప్పించొద్దు. సీలు తెగిన మరుక్షణం మీ చేతిలోని వాదన పోతుంది.

దూరం తగ్గిందని చెబితే సరిపోదు, రుజువుండాలి. బ్యాటరీ ఆరోగ్యం ఎంత శాతం ఉందో సర్వీసు సెంటర్‌ కంప్యూటర్లో తెలుస్తుంది. ఆ రిపోర్టు ప్రింటు అడగండి. ఎంత శాతం కంటే తగ్గితే బ్యాటరీ మారుస్తారో వారంటీ పుస్తకంలో ఉంటుంది, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంటి దగ్గర కూడా ఒక పరీక్ష చేయొచ్చు. నూరు శాతం చార్జి చేసి, ఒకే మోడులో, ఒక్కరే కూర్చుని, టైర్లలో గాలి సరిగా ఉంచి రోజూ వెళ్లే దారిలోనే నడపండి. బయలుదేరేటప్పుడు, ఆగేటప్పుడు మీటరు ఫొటో తీయండి. మూడు నాలుగు రోజులు ఇలా చేస్తే చాలు.

మీ కేసులో డీలరు, స్కూటరు కంపెనీ మాత్రమే కాక, బ్యాటరీకి విడిగా వారంటీ కార్డు ఉంటే ఆ తయారీదారును కూడా పార్టీగా చేర్చాలి. ఒకరిని వదిలేస్తే మిగిలినవాళ్లు నెపం అతని మీదకు నెట్టేస్తారు. డీలరు చేసిన తప్పుకు కంపెనీ తనంతట తానే బాధ్యురాలు కాదని 2021లో సుప్రీంకోర్టు ఒక కారు కేసులో చెప్పింది. కాబట్టి తయారీ లోపం ఏమిటి, సర్వీసు లోపం ఏమిటి అని ఫిర్యాదులో విడివిడిగా రాయండి. కంపెనీకి మీరు పంపిన ఈమెయిళ్లు, వాళ్లకు విషయం తెలుసని చూపించేవన్నీ జత చేయండి.

ప్రశ్న: ఫైనాన్సులో ఆటో కొన్నాను. నేనే నడుపుకుంటాను. గేర్‌బాక్సు మూడుసార్లు బాగుచేశారు, మళ్లీ అదే రోగం. వ్యాపారం బండి కాబట్టి కన్స్యూమర్ కేసు చెల్లదని షోరూంలో అంటున్నారు. కిస్తీలు ఆపేయమని స్నేహితులు చెబుతున్నారు. – బొబ్బిలి పాఠకుడు

జవాబు: కిస్తీలు ఆపొద్దు. ఇది అన్నిటికంటే ముఖ్యం. అప్పు ఇచ్చినవాడికీ గేర్‌బాక్సుకూ సంబంధం లేదు. రెండు మూడు కిస్తీలు తప్పితే బండి ఎత్తుకుపోతారు. బండి పోతే పరీక్షించడానికి గేర్‌బాక్సే ఉండదు.

బతుకుతెరువు కోసం, స్వయం ఉపాధిగా కొన్న వాహనాన్ని చట్టం వ్యాపార అవసరంగా లెక్కించదు. ఫిర్యాదు మొదటి పేరాలోనే ‘స్వయం ఉపాధి ద్వారా జీవనోపాధి కోసం కొన్నాను, నేనే నడుపుతున్నాను, మరో వాహనం లేదు’ అని స్పష్టంగా రాయండి. డ్రైవింగ్ లైసెన్సు జత చేయండి. డ్రైవర్లను పెట్టి మూడు నాలుగు ఆటోలు తిప్పేవాళ్లకు ఈ దారి దొరకడం కష్టం.

మూడుసార్లు బాగుచేశారన్నారు, మూడు జాబ్ కార్డులూ మీ దగ్గర ఉన్నాయా? లేకపోతే నకళ్లు అడగండి. ప్రతిదానిలో మీ ఫిర్యాదు ఎలా రాశారో చూడండి. ‘సెకండ్ గేర్ జారిపోతోంది’ అని మీరు చెబితే ‘జనరల్ చెకప్’ అని రాసేస్తుంటారు. అలా రాస్తే ఒకే లోపం మళ్లీ మళ్లీ వచ్చిందని రుజువు చేయలేం. ఇకమీదట మీ మాటలు మీరు చెప్పినట్టే రాయించుకున్నాకే తాళాలు ఇవ్వండి.

కొత్త ఆటో ఇప్పించమని మాత్రమే అడిగితే చేతికి ఏమీ రాకపోవచ్చు. ఒక భాగం మార్చితే బాగయ్యే లోపానికి మొత్తం వాహనం మార్చనక్కర్లేదని 2006లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అందుకని వరుసగా అడగండి: కొత్త గేర్‌బాక్సు అమర్చి దానికి తాజాగా వారంటీ ఇవ్వాలి, అది కుదరకపోతే బండి మార్చాలి, అదీ కాకపోతే ధర తిరిగి ఇవ్వాలి. బండి ఆగిన రోజుల సంపాదన నష్టం, మానసిక వేదన, కేసు ఖర్చులు విడిగా అడగాలి. తయారీ లోపం అనే మాట నిలవాలంటే నిపుణుడి నివేదిక ఉండాలి. మీరే కమిషన్‌కు దరఖాస్తు పెట్టి, ఫలానా ప్రభుత్వ కాలేజీ మెకానికల్ విభాగంచేత పరీక్ష చేయించమని కోరొచ్చు. విజయనగరంలో జేఎన్‌టీయూ గురజాడ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, పేరు చెప్పి అడగండి. పరీక్ష ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. నివేదికకు చట్టం పెట్టిన గడువు సాధారణంగా 45 రోజులు.

ప్రశ్న: లాయరు లేకుండా కేసు వెయ్యొచ్చా? ఫీజు ఎంత? ఎన్నాళ్లు పడుతుంది? – నరసన్నపేట పాఠకుడు

జవాబు: వెయ్యొచ్చు, మీరే వాదించుకోవచ్చు. వాహనానికి చెల్లించిన ధరను బట్టి ఫీజు ఉంటుంది. 5 లక్షల వరకు ఫీజే లేదు. 10 లక్షల వరకు 200, 20 లక్షల వరకు 400, 50 లక్షల వరకు 1,000 రూపాయలు. 50 లక్షలు దాటితే కేసు జిల్లా కమిషన్‌కు రాదు. లాయరును పెట్టుకునే స్తోమత లేనివాళ్లు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు ఉచిత సాయానికి అర్హులు.

కావాల్సినవి: ఫిర్యాదు, దాన్ని బలపరిచే అఫిడవిట్, తేదీల వరుసలో ఘటనల పట్టిక, బిల్లు, ఆర్సీ, వారంటీ పుస్తకంలో సంబంధించిన పేజీలు, జాబ్ కార్డులు, నోటీసు, పోస్టు రసీదులు. పేజీలకు నంబర్లు వేసి, ఎదుటి పక్షాలు ఎందరుంటే అన్ని సెట్లు అదనంగా తీయించండి. ఆన్‌లైన్లో వేయాలనుకుంటే 2025 జనవరి 1న మొదలైన ఈ-జాగృతి పోర్టల్ ఉంది.

కేసుకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయడం మంచిదే, కొన్ని కంపెనీలు అక్కడే దిగివస్తాయి. అయితే ఆ ఫిర్యాదు నడుస్తోందని కూర్చోవద్దు. వివాదం మొదలైన నాటి నుంచి రెండేళ్లలోపు కమిషన్‌లో కేసు పడాలి. ఉత్తరాలు రాస్తూ పోయినంత మాత్రాన ఆ గడువు పెరగదు.

కేసు తీసుకోవాలా వద్దా అనేది మామూలుగా 21 రోజుల్లో తేలుతుంది. నోటీసు అందిన 30 రోజుల్లో ఎదుటి పక్షం జవాబు ఇవ్వాలి, మరో 15 రోజులు మాత్రమే అదనం. 45 రోజులు దాటాక జవాబు తీసుకోకూడదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 46వ రోజున జవాబు తెస్తే ఆ తీర్పు ఎత్తి చూపండి. పరీక్ష అవసరం లేని కేసు మూడు నెలల్లో, పరీక్ష ఉంటే ఐదు నెలల్లో ముగించాలని చట్టం చెబుతోంది. నిజానికి చాలా కేసులు అంతకంటే ఎక్కువే పడతాయి, ఆ ఓపికతోనే దిగండి. మధ్యవర్తిత్వానికి పంపుతామంటే భయపడొద్దు. ‘ఉచితంగా బాగుచేసి రెండేళ్లు వారంటీ పెంచుతాం’ వంటి ఒప్పందం అక్కడ తేలిగ్గా కుదురుతుంది. ఏ భాగం, ఎన్ని రోజుల్లో, ఎక్కడ అన్నది మాత్రం ఒప్పందంలో రాయించండి.

తీర్పు వచ్చాక 45 రోజుల్లో వాళ్లు రాష్ట్ర కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. అందుకు జిల్లా కమిషన్ కట్టమన్న మొత్తంలో సగం డిపాజిట్ చేయాలి. అప్పీలు వేయరు, డబ్బూ ఇవ్వరు అనుకోండి, అమలు కోసం అదే కమిషన్‌లో దరఖాస్తు వేయండి. ఆదేశం పాటించనివారికి నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేలకు తగ్గకుండా లక్ష వరకు జరిమానా, లేదా రెండూ వేసే అధికారం దానికి ఉంది. ఆ దరఖాస్తు పడ్డాక చెక్కు పంపే కంపెనీలు చాలా ఉన్నాయి.

ప్రశ్న: తుపానుకు కారు ఇంజిన్ దాకా మునిగింది. వారంటీలో ఉంది కదా, షోరూంపై కేసు వెయ్యాలా? – గార పాఠకుడు

జవాబు: వరద నష్టం వారంటీ కిందికి రాదు, బీమా కిందికి వస్తుంది. 2021లో గులాబ్ తుపాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది, మీ తీరానికి ఇది కొత్త కాదు. కారును అస్సలు స్టార్ట్ చేయకండి. సిలిండర్లో నీరుండగా స్టార్ట్ చేస్తే పిస్టన్‌కు తగిలించిన కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, ఆ నష్టాన్ని మీరు చేసిందిగా బీమా కంపెనీ లెక్కిస్తుంది. ఇంజిన్ ప్రొటెక్షన్ కవరు తీసుకున్నారా అని పాలసీలో చూడండి. నీటి మట్టం కనిపించేలా ఫొటోలు తీసి, బ్యాటరీ తీగ విప్పి, బీమా కంపెనీకి వెంటనే తెలియజేసి, కారును టోయింగ్ బండి మీదే సర్వీసు సెంటర్‌కు పంపండి.