చీమల కోసం దేశం మారాలనుకునేవారికి: ఉత్తర క్వీన్స్‌లాండ్ నుంచి ఒక జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: చీమలంటే మీకు ప్రాణం. వాటితో పాటు పక్షులు, జంతువులు కూడా సమృద్ధిగా ఉన్న చోటికి వెళ్లి స్థిరపడాలనుకుంటున్నారు. ఆస్ట్రేలియా, కోస్టారికా, మలేసియా, అమెరికాలలో ఏది మేలని అడిగారు. నేను ఇదే కోరికతో ఉత్తర ఐరోపా వదిలి, ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలోని కెయిర్న్స్ ప్రాంతానికి వచ్చి కొన్నేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను. రాకముందు సెలవులన్నీ మిగతా చోట్లు చూసి రావడానికే వాడుకున్నాను. కాబట్టి నా జవాబు ఒకవైపు మొగ్గుతుంది. ఎందుకు మొగ్గుతుందో వివరంగా చెబుతాను.

ముందుగా, దేశాన్ని చూసి కాక ఊరిని చూసి నిర్ణయించుకోండి. దేశం మొత్తంలో ఎన్ని జాతులున్నాయన్న లెక్క చదవడానికి బాగుంటుంది. ఉద్యోగం చేసుకుంటూ బతికే మనిషికి అక్కరకు వచ్చేది మాత్రం పని ముగిశాక, చీకటి పడేలోగా, నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఏముందన్నదే. బ్రెజిల్ అనగానే అమెజాన్ గుర్తొస్తుంది. అక్కడ మీకు ఉద్యోగం దొరికేది సావో పావ్లోలో అయితే, అమెజాన్ చూడాలన్నా విమానం ఎక్కాల్సిందే.

ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన చీమ జాతులు 14,000 దాటాయి. అవి అన్ని చోట్లా సమానంగా లేవు. ఐస్‌లాండ్‌లో, గ్రీన్‌లాండ్‌లో స్థానిక చీమలే లేవు. హవాయి వంటి పచ్చని దీవులకు కూడా సొంత చీమలు లేవు, అక్కడ కనబడేవన్నీ మనుషుల వెంట వచ్చినవే. న్యూజిలాండ్ ప్రకృతిని ఎవరు పొగిడినా పొగడనివ్వండి, అక్కడి స్థానిక చీమ జాతులు 11 మాత్రమే. ఇంకోవైపు, పెరూలోని తంబోపటా అడవిలో ఒకే ఒక్క చెట్టు మీద చీమల శాస్త్రవేత్త ఎడ్వర్డ్ విల్సన్ 43 జాతులను గుర్తించారు. బ్రిటిష్ దీవులన్నిటిలో కలిపి ఉన్నవి ఇంచుమించు అన్నే. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ జాతులు పెరుగుతాయన్నది అందరికీ తెలిసిందే. ఎత్తు సంగతి మాత్రం చాలామంది పట్టించుకోరు. ఉష్ణమండలంలోనైనా 2,000 మీటర్లు దాటి పైకి వెళ్తే చీమలు గబగబా తగ్గిపోతాయి. పొగమంచు కమ్ముకున్న కొండ అడవుల్లో ఆర్కిడ్లు, పక్షులు పుష్కలంగా ఉంటాయి కానీ చీమల కోసం నేల మీద వెతుక్కోవాల్సి వస్తుంది. చీమలే ముఖ్యమైతే పల్లపు అడవుల దగ్గర ఇల్లు చూసుకోండి.

ఇక కెయిర్న్స్ ఉన్న రాష్ట్రం, క్వీన్స్‌లాండ్. స్థానిక చీమ జాతుల సంఖ్యలో ప్రపంచంలోని దేశాలు, రాష్ట్రాలు అన్నిటికన్నా ఇదే ముందుంది. నమోదైనవే 1,400కు పైగా ఉన్నాయి. అయితే నేను ఇక్కడ ఉండిపోవడానికి కారణం ఆ సంఖ్య కాదు. తీరం పక్కనే ఉన్న బెల్లెండెన్ కెర్ కొండ శిఖరం మీద ఏటా సగటున 8,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఆ కొండల వరస దాటి మరీబా వైపు దిగితే వాన 900 మిల్లీమీటర్ల దరిదాపుల్లోకి పడిపోతుంది. అంటే కారులో గంట, గంటన్నర ప్రయాణంలో మడ అడవులు, వర్షారణ్యం, పొడవైన యూకలిప్టస్ చెట్ల అడవి, ఎండిన గడ్డి మైదానం, అన్నీ దాటిపోతాం. ప్రతి మలుపులో చీమలు మారిపోతాయి. నల్లని తేమ నేలలో ఆకుల చెత్త కింద దాక్కునే చిన్న చీమలు ఒకచోట. ఎర్రమట్టి మీద గులకరాళ్లు పేర్చి వెడల్పాటి పుట్టలు కట్టే మీట్ యాంట్లు ఇంకోచోట. ఉదయం ఒక లోకం, మధ్యాహ్నం మరో లోకం చూసి రాత్రికి ఇంటికి చేరుకోవచ్చు.

ఊరు దాటకుండానే చూడదగ్గవి గూడు అల్లే చీమలు. ఆసియాలోని ఇవే చీమలు ఎర్రగా, నారింజ రంగులో ఉంటాయి. ఇక్కడివాటి పొట్ట మాత్రం లేత ఆకుపచ్చగా మెరుస్తుంది. కెయిర్న్స్‌లో వీధి చెట్ల మీద, బడుల ఆవరణల్లో, కార్లు నిలిపే చోట అవి గూళ్లు కడుతూ కనబడతాయి. వెనుక కాళ్లతో ఒక ఆకు అంచును పట్టుకుని, నోటితో ఎదుటి ఆకును అందుకుని పనిచీమలు వరసగా లాగుతాయి. ఆకుల మధ్య ఖాళీ ఎక్కువగా ఉంటే, ఒకదాని నడుమును మరొకటి పట్టుకుని గొలుసుగా ఏర్పడి లాగుతాయి. అంచులు దగ్గరపడ్డాక వేరే పనిచీమలు గూట్లోంచి లార్వాలను, అంటే పిల్ల పురుగులను, నోట కరిచి తెస్తాయి. తెల్లని ఆ పురుగును ఈ అంచుకు తాకించి, ఆ అంచుకు తాకించి, మళ్లీ ఇటు తెచ్చి, మగ్గం మీద నాడెలా ఆడిస్తాయి. తాకిన ప్రతిచోటా లార్వా సన్నని పట్టుదారం వదులుతుంది. తన చుట్టూ తాను అల్లుకోవాల్సిన పట్టునంతా అది గూటికే ఇచ్చేస్తుంది కాబట్టి దానికి సొంత పట్టుగూడు ఉండదు. చెట్టుకు కాస్త ఎడంగా నిలబడి చూడండి. కొమ్మను తాకితే వందల చీమలు చొక్కాలోకి దూరి కరిచి, కరిచిన చోట ఆమ్లం చిమ్ముతాయి.

బుల్‌డాగ్ చీమల కోసమైనా ఆస్ట్రేలియా రావాలంటాను. వీటిలో ఒక్క జాతి న్యూ కాలిడోనియాలో ఉంది, మిగిలినవన్నీ ఆస్ట్రేలియావే. రెండు సెంటీమీటర్లకు మించిన పొడవు, రంపపు పళ్లున్న దవడలు, తల పక్కన పెద్ద కళ్లు. మిగతా చీమల్లా బారులు తీరి నడవవు. ఒంటరిగా, చూపు మీద ఆధారపడి వేటాడతాయి. పుట్టకు కొంచెం దూరంలో కూర్చుంటే, కాపలా చీమ తల తిప్పి సూటిగా మీ వైపు చూస్తుంది. మీరు పక్కకు జరిగితే అదీ జరుగుతుంది. మనల్ని గమనించే చీమను గమనించడం నాకు మరెక్కడా దక్కలేదు. ఇది కొండితో కుడితే చాలా నొప్పి పెడుతుంది. ఇదే గుంపుకు చెందిన జాక్ జంపర్ చీమలు కుడితే ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న తాస్మానియా దీవిలో కొందరికి ప్రాణాపాయమంతటి అలర్జీ వస్తుంది. మీకు గాని, మీ వెంట వచ్చేవారికి గాని కందిరీగలు, తేనెటీగలు కుడితే అలర్జీ వచ్చే తత్వం ఉంటే, ఆస్ట్రేలియా రాకముందే వైద్యుడితో మాట్లాడండి.

జంతువుల విషయంలోనూ ఇక్కడ లోటు లేదు. 1988లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన తడి ఉష్ణమండల అడవి ఇంటి వెనుకే మొదలవుతుంది. అందులో ఎగరలేని పెద్ద పక్షులైన కాసోవరీలు, చెట్లెక్కే కంగారూలు ఉన్నాయి. అథర్టన్ పీఠభూమి మీద యుంగాబుర్రా అనే చిన్న ఊళ్లో వాగు ఒడ్డున ఉదయాన్నే కదలకుండా నిలబడితే బాతు ముక్కు లాంటి మూతి ఉన్న ప్లాటిపస్ తేలుతుంది. చీమలు, చెదపురుగులు తిని బతికే ముళ్ల జంతువు ఎకిడ్నా కూడా తారసపడుతుంది.

కష్టాలు కూడా చెప్పాలి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉక్కపోత, కుండపోత, తుపాన్లు. 2023 డిసెంబరులో జాస్పర్ తుపాను వచ్చినప్పుడు ఈ ప్రాంతం వరదల్లో మునిగింది. వాగులూ నదీముఖాల దగ్గర మొసళ్లు ఉంటాయి, నీటి అంచున కూర్చుని చీమలను చూసే సాహసం చేయకండి. నన్ను ఎక్కువగా బాధించేది వేరే ఉంది. బయటి నుంచి వచ్చిపడిన చీమలు. బ్రిస్బేన్‌లో 2001లో నిప్పు చీమలు బయటపడ్డాయి. అక్కడి నుంచి మట్టి, ఎండుగడ్డి తరలించడానికి నేటికీ ఆంక్షలున్నాయి. కెయిర్న్స్ చుట్టుపక్కల చెరకు తోటల అంచుల్లో పసుపు పిచ్చి చీమలతో పోరాటం నడుస్తోంది. నేను స్వచ్ఛంద సేవకుడిగా వాటి ఆనవాళ్లు వెతికే పనికి వెళ్తుంటాను. అవి తిష్టవేసిన అడవి ముక్కలో నేలంతా సన్నని పసుపు కాళ్లతో కదులుతుంటుంది, బల్లి గాని మరో చీమ గాని కనబడదు. ఎర మందు వేసి వాటిని నిర్మూలించిన చోట ఆకుపచ్చ చీమలు మళ్లీ చెట్లెక్కడం చూశాను. చీమలను ప్రేమించే మనిషి చేయదగ్గ పని ఇక్కడ చేతినిండా ఉంది.

వీసా విషయానికి వస్తే, నైపుణ్యం ఉన్న వృత్తుల వారికి 491 ప్రాంతీయ వీసా ఉంది. రాష్ట్రం నామినేట్ చేస్తే వీసా ఎంపికకు లెక్కించే పాయింట్లలో 15 అదనంగా వస్తాయి. ఈ వీసాతో వచ్చినవారు ప్రాంతీయంగా గుర్తించిన చోట్లే నివసించాలి. గ్రేటర్ బ్రిస్బేన్ తప్ప క్వీన్స్‌లాండ్ అంతా ప్రాంతీయం కిందికే వస్తుంది. సిడ్నీకి వెళ్లాలనుకునేవారికి ఆ వీసా షరతు సంకెలగా అనిపిస్తుంది. మనకు మాత్రం అడవి పక్కన ఉండమని ప్రభుత్వమే చెప్పినట్టు. నిబంధనల ప్రకారం మూడేళ్లు గడిచాక 191 అనే శాశ్వత వీసాకు దరఖాస్తు చేసుకోవచ్చు.

ఉద్యోగం చేయాల్సిన అవసరం లేనివారైతే కోస్టారికా అంటాను. 51,100 చదరపు కిలోమీటర్ల చిన్న దేశం, అందులో దాదాపు పాతిక శాతం రక్షిత ప్రాంతం. సారపికీ దగ్గరి లా సెల్వా పరిశోధన కేంద్రం ఒక్కదానిలోనే 400కు పైగా చీమ జాతులు నమోదయ్యాయి. అక్కడి సైనిక చీమల దండయాత్ర చూసినవారు మరిచిపోలేరు. చీమలు కంటబడకముందే పక్షుల అరుపులు వినిపిస్తాయి. దండు ముందు ప్రాణభయంతో పరుగెత్తే బొద్దింకలను, సాలెపురుగులను తన్నుకుపోవడానికి ఆ పక్షులు వెంట తిరుగుతాయి. తర్వాత నేల కదులుతున్న చప్పుడు, ఎండుటాకుల మీద చిరుజల్లు పడుతున్నట్టు. ఆ చీమల దండునే నమ్ముకుని బతికే ప్రాణి జాతులు 300కు పైగా ఉన్నాయి. ఆకులు కత్తిరించి మోసుకుపోయే చీమలైతే పెరటి గులాబీ మొక్కను రాత్రికి రాత్రే మోడు చేస్తాయి. స్థిరమైన ఆదాయం నెలకు 2,500 డాలర్లు చూపగలిగితే రెంటిస్టా నివాస అనుమతి దొరుకుతుంది కానీ దానితో ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకూడదు. స్పానిష్ నేర్చుకోక తప్పదు, నేర్చుకుంటే అక్కడి పార్కు రేంజర్ల నుంచి తెలుసుకోగలిగేది అంతా ఇంతా కాదు.

మలేసియాలో అయితే కౌలాలంపూర్ వైపు చూడకుండా బోర్నియో దీవిలోని సబాకు వెళ్లండి. దనుమ్ లోయ, కినబటాంగన్ నది, ఒరాంగుటాన్లు, పొడవు ముక్కు కోతులు అన్నీ అక్కడే. రాత్రి లాంతరుతో తిరిగితే ప్రపంచంలోని అతిపెద్ద చీమల్లో ఒకటైన రాక్షస చీమ కాళ్ల దగ్గర నడిచిపోతుంది. శత్రువు మీద పడి తన పొట్టను తానే పగలగొట్టుకుని పసుపు జిగురుతో అతుక్కుని చచ్చే చీమలు కూడా ఆ దీవిలో ఉన్నాయి. వాటిలో ఒకదానికి 2018లోనే పేరు పెట్టారు. సబా, సరవాక్ రాష్ట్రాలకు వలస నియమాలు వేరుగా ఉంటాయి, మలేసియా వీసా ఉంటే చాలనుకోవద్దు.

అమెరికాలో నేను ఎంచుకుంటే ఆరిజోనా ఆగ్నేయ మూలనే ఎంచుకుంటాను. చిరికావా కొండలు, వేసవి వానలు, పొట్టలో తీపి ద్రవం నిల్వ చేసుకునే తేనె కుండల చీమలు. ఐరోపాలో అయితే గ్రీసు, స్పెయిన్. ఉత్తరాన ఉన్నంతకాలం అక్టోబరు నుంచి మార్చి దాకా చీమ ముఖం చూడలేక నేను పడ్డ వెలితి మీకు వద్దు.

చీమలకన్నా పెద్ద జంతువులే ముందంటే తూర్పు ఆఫ్రికాకు సాటి లేదు. కెన్యాలోని లైకీపియాలో ఈలవేసే తుమ్మ చెట్లను కాపాడే స్థానిక చీమలను బయటి నుంచి వచ్చిన పెద్దతల చీమలు తరిమేశాయి. కాపలా పోయిన చెట్లను ఏనుగులు విరిచేశాయి. మాటు వేయడానికి పొదలు లేక సింహాలు జీబ్రాలను పట్టడం తగ్గి, అడవి దున్నల మీదికి మళ్లాయి. 2024లో వెలువడిన ఆ అధ్యయనం చదివాక, చీమలు వేరు, వన్యప్రాణులు వేరు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అదే కెన్యాలో 2025లో దాదాపు 5,000 రాణి చీమలను దేశం దాటించబోయిన నలుగురికి తలా పది లక్షల షిల్లింగుల జరిమానా పడింది. వారిలో ఇద్దరు యువకులు తాము సరదాగా సేకరించామనే చెప్పుకున్నారు. కాబట్టి మీరు చీమలను చూడాలనుకుంటున్నారా, ఇంట్లో పెంచాలనుకుంటున్నారా, పరిశోధన చేయాలనుకుంటున్నారా అన్నది ఇప్పుడే తేల్చుకోండి. చూడటానికి ఎక్కడా అడ్డు లేదు. పెంచాలంటే ఆస్ట్రేలియాలోకి బయటి చీమను తేవడం కుదరదు, జాతీయ ఉద్యానాల్లో అనుమతి లేకుండా ఒక్క చీమను కూడా పట్టుకోకూడదు. అమెరికాలో రాణిని ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపాలన్నా వ్యవసాయ శాఖ అనుమతి కావాలి. పరిశోధనైతే కెయిర్న్స్‌లోని జేమ్స్ కుక్ విశ్వవిద్యాలయం, జపాన్‌లోని ఒకినావా శాస్త్ర సాంకేతిక సంస్థ వంటివి చూడండి.

ఏ చోటు నచ్చినా వానాకాలంలోనే ఒకసారి వెళ్లి ఉండి రండి. చీమలకు రెక్కలొచ్చి ఎగిరేదీ, మనిషి ఓపిక అయిపోయేదీ అప్పుడే. వెళ్లేముందు జనం తాము చూసిన జీవులను నమోదు చేసే ఐనాచురలిస్ట్ వెబ్‌సైటులో మ్యాపు తెరిచి, మీకు ఉద్యోగం దొరికే ఊరి చుట్టూ 20 కిలోమీటర్లలో జనం ఏయే చీమలను నమోదు చేశారో చూడండి. మీ వృత్తి, వయసు, మీతో ఎవరెవరు వస్తారో చెబితే, క్వీన్స్‌లాండ్ వరకు ఏ ఊరు సరిపోతుందో నాకు తెలిసినంతలో రాస్తాను.