జపాన్ పల్లెల్లో పాత అడవి పనులు తిరిగి మొదలైతే నిజంగా లాభం ఉందా?

బొగ్గు కాల్చడం లాంటి పాత పనులు మళ్లీ మొదలుపెడితే అక్కడి అడవులూ ఊళ్లూ బాగుపడతాయా, లేక ఇదంతా టూరిస్టుల కోసం ఆడే నాటకమా అని కదా మీ ప్రశ్న. ఒసాకాలో ఉద్యోగం చేసినన్నాళ్లూ సెలవు దొరికితే వకయామా కొండల్లో ఒక బొగ్గుబట్టీకి పనిసాయం వెళ్లేవాణ్ని. నేను చూసినంతలో అడవికి మేలు ఖాయం. ఊరి సంగతే అంత తేలిగ్గా చెప్పలేం.

అక్కడ చేసేది కిషూ బిన్చోతాన్ అనే తెల్లబొగ్గు. ఉబామె అనే ఓక్ జాతి కర్ర దానికి ముడిసరుకు. చెట్టును మొదలంటా నరకరు. ఒకే మోడు నుంచి లేచిన కాండాల్లో లావువి కోసి, సన్నవి వదిలేస్తారు. ఏది ఉంచాలో ఎంచడమే అసలు విద్య. బట్టీ పనీ సామాన్యం కాదనుకోండి. చివర్లో బట్టీలోకి గాలి వదిలి వేడిని వెయ్యి డిగ్రీలు దాటిస్తారు. కణకణలాడే కర్రల్ని పొడవాటి కొక్కెంతో బయటికి లాగి, తడి బూడిద, ఇసుక కలిపి కప్పుతారు. చల్లారాక ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమంటాయి.

నరకడం మానేస్తే అడవి పచ్చగా ఉంటుందని మనం అనుకుంటాం. అక్కడ జరిగింది వేరు. 1960ల నాటికి గ్యాసు, కిరోసిను ఇళ్లలోకి వచ్చాయి. బొగ్గు కొనేవాళ్లు తగ్గి జనం కొండల్ని వదిలేశారు. ఓక్ చెట్లు ముదిరి లావెక్కాయి. అలాంటి చెట్లనే ఎక్కువగా తొలిచే ఒక పురుగు, తనతో మోసుకొచ్చే శిలీంధ్రంతో వాటిని గుంపులుగా చంపుతోంది. ముదిరిన మోడు సరిగ్గా చిగురించదు కూడా.

మరి నరికేవాళ్లకి కూలి డబ్బులు ఎక్కడి నుంచి వస్తాయి? బిన్చోతాన్ నిలబడిందంటే యాకిటోరి (పుల్లకు గుచ్చి నిప్పుల మీద కాల్చే కోడిమాంసం) హోటళ్లు కొంటున్నాయి కాబట్టే. ఉత్తర జపాన్‌లో ఇవాతే ప్రాంతంలోని జోబోజిలో ఉరుషి జిగురు, అంటే చెక్కకి మెరుపు పూతగా వేసే చెట్టు పాలు, గీసి తీసేవాళ్లదీ ఇదే కథ. పది పదిహేనేళ్లు పెంచిన చెట్టు ఒక్క సీజనులో ఇచ్చేది సుమారు 200 మిల్లీలీటర్లు. తర్వాత దాన్ని కొట్టేసి పిలకలు పెంచుతారు. చౌకైన చైనా జిగురు ముందు ఇది ఆగేది కాదు. జాతీయ సంపదగా గుర్తించిన కట్టడాల మరమ్మతులకు స్వదేశీ ఉరుషినే వాడాలని 2015లో అక్కడి సాంస్కృతిక శాఖ చెప్పాక గిరాకీ పెరిగింది. టూరిస్టులకు పెట్టే ఒక్కరోజు వర్క్‌షాపులతో అయ్యే పని కాదిది.

ఇక ఊరు. మా బట్టీ పెద్దాయన దగ్గర పని నేర్చుకున్న కుర్రాడు సొంత బట్టీ పెట్టాడు, బాగానే సంపాదిస్తున్నాడు. పిల్లలకు బడి దూరమని కాపురం టౌనుకి మార్చి, రోజూ కారులో వచ్చిపోతున్నాడు. ‘రేపు జాతరలో పల్లకీ ఎవరు మోస్తారు?’ అని పెద్దాయన సణిగేవారు. జాతరకి మాత్రం ఆ కుర్రాడు తప్పకుండా వస్తాడు, టౌను నుంచి ఇద్దరు ముగ్గురు స్నేహితుల్ని కూడా వెంటేసుకొని.