విద్యుత్కేంద్రం కింద పోయే భూమి లెక్క తేల్చే ఉద్యోగం: జీఐఎస్ ఒక్కటే చాలదు

ప్రశ్న: ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ మొదటి ఏడాది చదువుతున్నాను. కొత్తగా కట్టబోయే విద్యుత్కేంద్రాల వల్ల భూ వినియోగం ఎలా మారుతుందో అంచనా వేసే పనిలో స్థిరపడాలనుంది. ఆరు నెలల జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు తయారుచేసి విశ్లేషించే పద్ధతి) కోర్సు చేస్తే సరిపోతుందా?
– ఒక విద్యార్థిని, పలాస

జవాబు: కోర్సు చేయండి, కానీ అంతటితో సరిపోదు. సాఫ్ట్‌వేర్ ఈ పనిలో సులువైన భాగం. ఉపగ్రహ చిత్రంలో బీడులా కనిపించేది నిజంగా బీడేనా అని తేల్చడమే అసలు పని. అది తప్పితే ఏమవుతుందో మీ జిల్లాకు బాగా తెలుసు. సోంపేట బీల (చిత్తడి) భూములను పనికిరాని నేలగా చూపించి థర్మల్ కేంద్రానికి అనుమతి తెచ్చుకున్నారు. నీళ్లు నిలిచే ఆ నేల మీద చేపలు పట్టేవాళ్లు, పశువులు మేపేవాళ్లు, సాగు చేసేవాళ్లు బతుకుతున్నారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది.

2006 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం 500 మెగావాట్లు, అంతకు మించిన బొగ్గు కేంద్రాలకు కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి కావాలి. పర్యావరణ నివేదికను నాబెట్ (ఇలాంటి కన్సల్టెన్సీలకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు పొందిన కన్సల్టెన్సీ తయారుచేస్తుంది. నాబెట్ విడదీసిన 12 నైపుణ్య రంగాల్లో లాండ్ యూజ్ (భూ వినియోగం) ఒకటి. మీరు మొదట నిపుణుల కింద సహాయకురాలిగా చేరి, అనుభవం చూపించుకుని పైకి వెళ్లాలి. అర్హతలు ఎప్పటికప్పుడు మారుతుంటాయి కాబట్టి నాబెట్ వెబ్‌సైట్‌లోని తాజా స్కీమ్ పత్రమే చూడండి. సోలార్ పీవీ కేంద్రాలకు ఈ అనుమతి అక్కర్లేదు. అయినా మెగావాట్‌కు 4 నుంచి 5 ఎకరాలు పడుతుంది, అప్పిచ్చే అంతర్జాతీయ సంస్థలు ఇలాంటి అధ్యయనమే అడుగుతాయి. ఉద్యోగాలు అటువైపూ ఉన్నాయి.

ఇక పని సంగతి. అధ్యయన ప్రాంతం మామూలుగా ప్లాంటు చుట్టూ 10 కిలోమీటర్లు. దాన్ని ప్లాంటు మధ్య బిందువు నుంచి కాకుండా సరిహద్దు నుంచి గీయండి. 1000 ఎకరాల చదరపు స్థలానికి అలా గీస్తే దాదాపు 399 చదరపు కిలోమీటర్లు వస్తుంది. మధ్య నుంచి గీస్తే 314 మాత్రమే. మ్యాప్ ప్రొజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా గీసే పద్ధతి) కూడా చూసుకోండి. యూటీఎం పద్ధతి భూమిని 6 డిగ్రీల రేఖాంశాల జోన్లుగా విడదీసి మీటర్లలో కొలుస్తుంది. విజయవాడ, హైదరాబాద్ యూటీఎం 44వ జోన్‌లో ఉంటే, 84 డిగ్రీల రేఖాంశం దాటిన పలాస, సోంపేట 45లోకి వస్తాయి. మ్యాపును మీటర్లలోకి మార్చకుండా అక్షాంశ, రేఖాంశ డిగ్రీల్లోనే వదిలేసి విస్తీర్ణం లెక్కేస్తే అంకెలకు అర్థమే ఉండదు.

ఎక్కువ తప్పులు జరిగేది చిత్రం ఎంపికలో. వేసవి చిత్రం ఒక్కటే తీసుకుంటే కోత అయిపోయిన వరి చేను బంజరులా కనిపిస్తుంది. ఆగస్టులో నాట్లు వేసిన మడి చెరువులా కనిపిస్తుంది. అందుకే ఖరీఫ్, రబీ, వేసవి మూడు కాలాల చిత్రాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. మీ ఉద్దానంలో జీడి తోటలు ఏడాదంతా పచ్చగా ఉంటాయి కాబట్టి సాఫ్ట్‌వేర్ వాటిని అడవిలో కలిపేస్తుంది. సరుగుడు తోటలదీ అదే కథ. మన ఇస్రో ఉపగ్రహాల్లోని లిస్-3 కెమెరా చిత్రంలో ఒక్కో పిక్సెల్ (చుక్క) పక్కకు 23.5 మీటర్లు, అంటే దాదాపు పదమూడున్నర సెంట్లు. నలభై సెంట్ల కుంట అందులో మూడు చుక్కలు, తేలిగ్గా మాయమైపోతుంది. ప్లాంటు స్థలం వరకైనా 5.8 మీటర్ల పిక్సెల్ ఉన్న లిస్-4 చిత్రం వాడండి. ఆ తర్వాత మ్యాపులోని ఒక్కో భూమి తరగతికి (సాగు, అడవి, బంజరు వంటివి) కనీసం 50 చోట్ల నేల మీదికి వెళ్లి సరిచూడండి. మొత్తం కచ్చితత్వం 85 శాతానికి తగ్గితే మ్యాప్ మళ్లీ చేయాల్సిందే.

అక్కడి నుంచి రికార్డుల పని. ఆంధ్రాలో ఎఫ్‌ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం), అడంగల్ (సాగు వివరాల రికార్డు). తెలంగాణలో వాటికి బదులు టిప్పన్, పహాణీ. సర్వే నంబర్ల హద్దులను ఉపగ్రహ చిత్రం మీద పరిచి, రికార్డులో పోరంబోకు అని రాసి ఉన్నచోట నిజంగా ఏముందో చూడాలి. పశువుల మేత, శ్మశానం, చెరువు శిఖం (చెరువు లోపలి నేల), పట్టా లేని సాగు... ఇవేవీ పట్టా భూమి లెక్కలో కనిపించవు.

శాతాల దగ్గర మరీ జాగ్రత్త. పైన చెప్పిన 1000 ఎకరాలు అధ్యయన ప్రాంతంలో 1 శాతమే. నివేదికలో ‘ప్రభావం స్వల్పం’ అని రాయడానికి ఆ అంకె బాగా అక్కరకొస్తుంది. కానీ ఒక ఊరి మాగాణి మొత్తం ఆ 1 శాతంలోనే ఉండవచ్చు. అందుకే ఊరివారీగా, భూమి రకంవారీగా పట్టిక తప్పకుండా ఇవ్వండి.

ప్లాంటు గోడ బయట పడే భూమినీ లెక్కలోకి తేవాలి. 400 కేవీ కరెంటు లైను దారి వెడల్పు 46 మీటర్లు, అంటే కిలోమీటరుకు 11 ఎకరాల పైచిలుకు. భూసేకరణ జరగదు, కానీ కొబ్బరి, మామిడి ఉండనివ్వరు. 800 మెగావాట్ల యూనిట్ 85 శాతం లోడుతో, యూనిట్ కరెంటుకు 650 గ్రాముల బొగ్గు, 35 శాతం బూడిద లెక్కన నడిస్తే ఏటా 13.5 లక్షల టన్నుల బూడిద వస్తుంది. ఘనపు మీటరుకు టన్ను చొప్పున అంతా 10 మీటర్ల ఎత్తున పోస్తే ఏడాదికి 33 ఎకరాలు. బూడిద మొత్తం వాడేయాలని నిబంధన ఉంది. అయినా ఎవరు కొంటారో, ఏ దారిన పోతుందో ఒప్పందాలు అడిగి చూడందే బూడిద చెరువు విస్తీర్ణాన్ని తగ్గించి రాయకండి.

చదువు విషయానికొస్తే, డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ (ఇస్రో రిమోట్ సెన్సింగ్ శిక్షణ సంస్థ) ఉచిత ఆన్‌లైన్ కోర్సులు ఇప్పుడే మొదలుపెట్టండి. జీఐఎస్ సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, యూరప్ ఉపగ్రహం సెంటినెల్-2 చిత్రాలూ ఉచితమే. పీజీ తర్వాత ఐఐఆర్ఎస్ పీజీ డిప్లొమా గానీ, విశాఖలో ఆంధ్రా విశ్వవిద్యాలయం జియో ఇంజినీరింగ్ విభాగం గానీ చూడండి. రెండో ఏడాది ప్రాజెక్టుకు మీ మండలంలోనే ఒక ఊరు ఎంచుకోండి: మూడు కాలాల మ్యాపు, సర్వే నంబర్ల పొర, నేల మీద సరిచూసిన చోట్ల ఫొటోలు, మ్యాపు ఏ భూమిని ఏదిగా తప్పు చూపించిందో చెప్పే తప్పుల పట్టిక. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కంటే ముందు ఆ తప్పుల పట్టిక తీసి, జీడి తోట ఎన్నిచోట్ల అడవిగా పడిందో, ఎలా సరిచేశారో చూపించండి.