ఎక్స్‌ఎస్‌ఎల్‌టీతో ఎక్స్‌ఎంఎల్‌ని సింపుల్ చేసేటప్పుడు డేటా ఎందుకు పోతుంది?

ఏడెనిమిది పొరల లోతున్న ఎక్స్‌ఎంఎల్‌ని (ట్యాగుల మధ్య డేటా పెట్టే ఫైల్) రెండు మూడు పొరలకు తేవాలి, దాన్ని మార్చే భాష ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో ఫర్-ఈచ్ లూప్‌తో రాస్తుంటే అక్కడక్కడా పేరాలు మాయమవుతున్నాయి, ఎర్రర్ మాత్రం ఏదీ రావట్లేదు అని కదా మీ ప్రశ్న. నేనూ సరిగ్గా ఇలాగే మొదలుపెట్టాను. పెద్ద మాన్యువల్ ఒకటి, ప్రతి పేరా చుట్టూ మూడు నాలుగు అనవసరపు ట్యాగులు. కొత్త నిర్మాణం ఎలా ఉండాలో ముందే గీసుకుని, పాత ఫైల్‌లోంచి ఒక్కొక్కటీ ఏరుకొచ్చి అందులో పెట్టాను. చిక్కంతా అక్కడే ఉంది. అలా రాస్తే మీరు పేరు పెట్టి పిలిచినవే వస్తాయి, పిలవనివి చప్పుడు లేకుండా పోతాయి. పెద్ద ఫైల్‌లో ఏయే ట్యాగులు ఎక్కడెక్కడ దాక్కున్నాయో ఎవరికీ పూర్తిగా గుర్తుండదు.

కాబట్టి ఉన్నదంతా ఉన్నట్టే కాపీ చేసే ఐడెంటిటీ టెంప్లేట్‌తో మొదలుపెట్టండి. టెంప్లేట్ అంటే ఫలానాది కనిపిస్తే ఏం చేయాలో చెప్పే రూల్. అట్రిబ్యూట్లనీ (ట్యాగ్‌లో రాసే ఐడీ లాంటి వివరాలు) నోడ్లనీ (ట్యాగులు, టెక్స్ట్ వంటివి) కలిపి మ్యాచ్ చేసి, కాపీ తెరిచి, లోపల మళ్ళీ అన్నిటికీ అప్లై-టెంప్లేట్స్ (వాటికీ టెంప్లేట్లు వర్తింపజేయమనే ఆదేశం) ఇవ్వడమే. 2017లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0 వెర్షన్ వాడుతుంటే ఇదీ అక్కర్లేదు, మోడ్ డిక్లరేషన్‌లో ఆన్-నో-మ్యాచ్‌కి షాలో-కాపీ అని ఒక్క లైన్ చాలు. ఇక ఆ పైన మీరు రాసేవన్నీ చిన్న చిన్న మినహాయింపులే. ఒక ఎలిమెంట్ లోపలి సరుకుతో సహా పోవాలంటే దాని పేరుతో ఖాళీ టెంప్లేట్ రాయండి. చుట్టూ ఉన్న ట్యాగ్ పోయి లోపలిది మాత్రం ఉండాలంటే ఆ టెంప్లేట్‌లో ఉత్త అప్లై-టెంప్లేట్స్ పెట్టండి. పేరుతో రాసిన మ్యాచ్‌కి ప్రాధాన్యం 0, ఐడెంటిటీకి -0.5, అందుకే ఫైల్‌లో ఏది ముందు రాశారన్నదాంతో పని లేకుండా మీ మినహాయింపే గెలుస్తుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. రాపర్ (చుట్టూ ఉన్న అనవసరపు ట్యాగ్) తీసే టెంప్లేట్‌లోకి ఐడెంటిటీలోని లైన్‌ని కాపీ పేస్ట్ చేయకండి, అందులో అట్రిబ్యూట్లు కూడా సెలెక్ట్ అవుతాయి, రాపర్ అట్రిబ్యూట్లు వెళ్ళి దాని పైనున్న ఎలిమెంట్‌కి అంటుకోవచ్చు, లేదా ఎర్రర్ రావచ్చు. అలాగని వాటిని వదిలేస్తే సరిపోతుందా అంటే అదీ కాదు, రాపర్ మీద ఐడీ ఉండి ఇంకెక్కడి నుంచో దానికి రిఫరెన్స్ ఉంటే ఆ లింక్ తెగిపోతుంది. నేనైతే ఆ ఐడీని లోపలి మొదటి ఎలిమెంట్ మీదికి దించుతాను, దానికి సొంత ఐడీ ఉంటే రిఫరెన్స్‌నే దానివైపు తిప్పుతాను.

టెంప్లేట్ రాశాక కూడా ఏమీ మారలేదంటే నూటికి తొంభై సార్లు నేమ్‌స్పేసే (ట్యాగ్ పేరు ఏ సమూహానికి చెందిందో చెప్పే గుర్తు) కారణం. రూట్‌లో డిఫాల్ట్ నేమ్‌స్పేస్ ఉంటే, 1.0లో ప్రిఫిక్స్ (పేరు ముందు కోలన్‌తో పెట్టే చిన్న గుర్తు) లేకుండా రాసిన పేరు దేన్నీ పట్టుకోదు. మీ స్టైల్‌షీట్‌లో (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ ఫైల్‌లో) అదే నేమ్‌స్పేస్‌కి ఒక ప్రిఫిక్స్ ఇచ్చి దానితో మ్యాచ్ చేయండి. 2.0 నుంచైతే ప్రిఫిక్స్ లేని పేర్లు ఏ నేమ్‌స్పేస్‌వో చెప్పే ఎక్స్‌పాత్-డిఫాల్ట్-నేమ్‌స్పేస్ ఉంది. మీ పేరాలు పోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు, ముఖ్యంగా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి అతికించిన ఫైల్ అయితే.

నన్ను నిజంగా టెన్షన్ పెట్టింది మాత్రం స్ట్రిప్-స్పేస్, అంటే ఉత్త స్పేస్‌లే ఉన్న టెక్స్ట్‌ని తీసేసే ఆదేశం. అవుట్‌పుట్ శుభ్రంగా ఉంటుందని స్టార్ పెట్టి అన్ని ఎలిమెంట్లకీ ఇచ్చేశాను. పేరా మధ్యలో బోల్డ్ మాట, ఒక స్పేస్, ఆ వెంటనే ఇటాలిక్ మాట ఉన్న ప్రతిచోటా ఆ స్పేస్ ఎగిరిపోయి రెండు మాటలూ అతుక్కుపోయాయి. అప్పటికే ఫైళ్ళు అవతలివాళ్ళకి వెళ్ళిపోయాయి, వాళ్ళు చదివి చెప్తే గానీ నాకు తెలియలేదు. టెక్స్ట్, ట్యాగులు కలిసి ఉండే ఎలిమెంట్లని తప్పనిసరిగా ప్రిజర్వ్-స్పేస్‌లో పెట్టండి. ఖాళీ ఎలిమెంట్లు తీసేటప్పుడు కూడా అంతే, టెక్స్ట్ లేదు కదా అని తీసేస్తే బొమ్మ ఒక్కటే ఉన్న పేరా కూడా పోతుంది.

అన్నీ ఒకే స్టైల్‌షీట్‌లో కుక్కకండి. ఒకటి రాపర్లు తీసేది, ఒకటి పేర్లు మార్చేది, ఒకటి ఖాళీవి ఏరేసేది, ఇలా విడివిడిగా రాసి వరసగా నడపండి. ప్రతి దశ తర్వాత ముందరి టెక్స్టునీ తర్వాతి టెక్స్టునీ పోల్చండి. స్పేస్‌లన్నీ తీసేసి పోలిస్తే అక్షరం పోయిందేమో తెలుస్తుంది, కానీ అతుక్కున్న మాటలు దొరకవు, వాటికోసం పేరా పేరాకీ స్పేస్‌లతో సహా పోల్చాలి. ఈ పోలిక నేను అప్పుడు చేసి ఉంటే ఆ ఫైళ్ళు బయటికి వెళ్ళేవి కావు.

ముందు నేమ్‌స్పేస్ చూడండి. ఐడెంటిటీతో రాశాక కూడా పేరాలు పోతుంటే, అవి పోతున్న చోటు నుంచి పది పదిహేను లైన్ల ముక్క ఇక్కడ పెట్టండి, చూస్తాను.